సంతలో ఎద్దును చూసినట్టు: పాత మట్టిదారి బండి కొనడం

మాది అనంతపురం. పని గోపాలమిత్ర. ఊళ్ళల్లో ఆవులకు, బర్రెలకు ఎదసూది వేసేవాణ్ణి. పొద్దున ఎద కనిపించిందని ఫోన్ వస్తే సాయంత్రానికి, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దునకు పోవాల. గడువు దాటిందంటే రైతు మళ్ళా 21 రోజులు కాచుకోవాల. "బండి స్టార్ట్ కాలేదు మామా" అంటే బర్రె వింటుందా? పైగా వెనక క్యారియర్ మీద మూడు లీటర్ల నైట్రోజన్ క్యాన్ ఉంటుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవంలో వీర్యం నింపిన స్ట్రాలు మునిగి ఉంటాయి. బండి పడితే క్యాన్ పడుతుంది, నైట్రోజన్ కారిపోతుంది, స్ట్రాలన్నీ పారేసుకోవాల్సిందే. అందుకే నాకు బండి అంటే గండికోట అంచున నిలబెట్టి ఫోటో దిగే సామాను కాదు. గండికోటకూ పోయినాననుకోండి, అది వేరే సంగతి.

నా దారి ఇట్ల ఉంటుంది. కూడేరు దాకా నున్నటి తారు. ఆడనుంచి పక్కకు తిరిగితే ఎర్రమట్టి, మొరం, గులకరాళ్ళు, చేన్ల గట్ల వెంబడి రెండు టైర్ల గాడి. ఉరవకొండ దాటితే నల్లరేగడి. ఎండాకాలంలో ఈ దారులు ఏ బండికైనా లొంగుతాయి. వాన పడిన మర్నాడు రేగడిలోకి దిగితే మాత్రం ఎంత పెద్ద బండైనా ఎద్దు దిగబడినట్టు దిగబడుతుంది. ఇంతవరకు దాన్ని దాటే బండి నేను చూడలా. ఆ రోజు తారు మీద బండి పెట్టి నడిచిపోతా.

మొదటిసారి కొన్నప్పుడు మోసపోయినా. ఒక ఆటో కన్సల్టెన్సీలో తళతళలాడుతున్న బండి. ట్యాంకు మీద ముఖం కనిపిస్తోంది, సీటు కవర్ కొత్తది, టైర్లకు నల్ల పాలిష్. రెండు నెలలకు ఇంజిన్ కింద నూనె చుక్కలు మొదలైనాయి. మా మెకానిక్ మామ కింద రేకు విప్పి చూస్తే, రాయి తగిలి ఇంజిన్ కేసు పగిలింది. ఆ పగులుకు ఎం-సీల్ మెత్తి, పైన నల్లరంగు కొట్టినారు. మామ నన్నేమీ తిట్టలా. "సంతలో ఎద్దును ఎట్ల కొంటావప్పా?" అని అడిగినాడు. పళ్ళు చూస్తా, గిట్టలు చూస్తా, నాలుగడుగులు నడిపిస్తా అన్నా. కొమ్ములు చెక్కి, నూనె రాసి, రంగేసి తెస్తారని తెలుసు కదా, రంగు చూసి కొంటానా? "మరి బండిని రంగు చూసి ఎందుకు కొంటివి?" అన్నాడు.

అప్పటినుంచి నా కోసం రెండు, తెలిసినవాళ్ళ కోసం ఐదారు బండ్లు చూసినా. అన్నింటినీ కిందనుంచే చూసినా.

ముందు మీ దారి ఏందో లెక్క వేసుకోవాల. నాకు 100 కిలోమీటర్లు తిరిగితే 70 తారు, 30 మట్టి. ఈ లెక్కకు కావాల్సింది గాల్లోకి ఎగిరే రేసు బండి కాదు. ముందు చక్రం పెద్దది ఉండాల, 21 అంగుళాలో, కనీసం 19 అంగుళాలో. చిన్న చక్రం గుంతలో పడుతుంది, పెద్ద చక్రం గుంత మీదుగా పోతుంది. నేలకు, ఇంజిన్ అడుక్కు మధ్య 200 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ముందు మడ్‌గార్డ్ టైరుకు అతుక్కుని ఉంటే రేగడిమట్టి మధ్యలో గట్టిపడి చక్రమే ఆగిపోతుంది. ఎత్తులో ఉన్నది చూసుకోవాల. ట్యాంకు మీద "అడ్వెంచర్" అని స్టిక్కర్ ఉంటే చాలదు. నిజం చెప్పాలంటే మన జిల్లాలో అసలైన అడ్వెంచర్ బండి టీవీఎస్ ఎక్సెల్. ముందర గడ్డిమోపు, వెనక పాలక్యాన్లు, మధ్యలో తాత. కానీ రోజుకు 100 కిలోమీటర్లు దాని మీద పోతే నా నడుము ఒప్పుకోదు.

మన చుట్టుపక్కల అమ్మకానికి దొరికేవి నాలుగైదు రకాలే. హీరో ఇంపల్స్ 2011లో వచ్చింది. 150 సీసీ, 134 కిలోలు, ఎంత తేలికంటే మా చెల్లెలు కూడా స్టాండు తీసి తిప్పుతుంది. కానీ కంపెనీ దాన్ని ఆపేసి ఏళ్ళయింది. ప్లాస్టిక్ సామాను పగిలితే పాత బండి నుంచి ఊడదీసింది వెతుక్కోవాల. పని మీద తిరిగేవాళ్ళకు నేను చెప్పను, ఇష్టంతో ఇంట్లో పెట్టుకునేవాళ్ళకు చెప్తా. హీరో ఎక్స్‌పల్స్ 200 మీద నేను తిరుగుతున్నా. 2019 మేలో వచ్చింది. ముందు 21, వెనక 18 అంగుళాల స్పోకు చక్రాలు, నేలకు 220 మిల్లీమీటర్లు, సీటు ఎత్తు 823. అప్పట్లో కార్బొరేటర్ది షోరూం ధర 97 వేలు, ఫ్యూయల్ ఇంజెక్షన్ది (పెట్రోలును కంప్యూటర్ కొలిచి పంపేది) లక్షా ఐదు వేలు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలతో ఆయిల్ కూలర్ వచ్చింది, 2021 అక్టోబరులో నాలుగు వాల్వుల ఇంజిన్ వచ్చింది. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళు నాలుగు వాల్వులది చూసుకోండి, 80 దాటినాక తేడా తెలుస్తుంది. నాలాగా చేన్లల్లో 30, 40లో పోయేవాళ్ళకు పాతదే చాలు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటర్లే, పొట్టివాళ్ళకు కూడా కాలు అందుతుంది. 2016లో కార్బొరేటర్‌తో వచ్చింది, 2017లో ఇంజెక్షన్ వచ్చింది. 2023 చివర్లో 450 వచ్చినాక పాతవి బజారులో బాగా కనిపిస్తున్నాయి. తారు మీద, ఇద్దరు కూర్చున్నా, సామాను వేసినా రాజా. కానీ 190 కిలోల పైమాట. కేటీఎం 390 అడ్వెంచర్ 2020లో వచ్చింది. 43 గుర్రాల బలం, బెంగళూరు హైవే మీద దానికి ఎదురులేదు. నా దారికి మాత్రం అల్లాయ్ చక్రాలు, ఆ సీటు ఎత్తు కుదరవు.

అల్లాయా, స్పోకా అని చాలామంది అడుగుతారు. మన ఊళ్ళో దీనికి జవాబు సర్కారు తుమ్మ చెప్తుంది. ఆ ముల్లు ఏ టైరునైనా దూరుతుంది. అల్లాయ్ బండికి ట్యూబ్‌లెస్ టైరు కాబట్టి దారిలోనే ప్లగ్ కొట్టి ఐదు నిమిషాల్లో పోవచ్చు. స్పోకు బండికి ట్యూబు ఉంటుంది, చక్రం విప్పాల. కానీ రాయి తగిలి అల్లాయ్ రిమ్ పగిలితే కొత్తది కొనాల్సిందే. స్పోకు రిమ్ వంగితే తాడిపత్రి బస్టాండు దగ్గరైనా, కళ్యాణదుర్గంలోనైనా స్పోకులు బిగించి సరిచేసేవాడు దొరుకుతాడు. నేను ముల్లుబాధనే ఎంచుకున్నా.

బరువు గురించి ఒక మాట. నా ఎత్తు ఐదడుగుల ఐదు. బండి పడినప్పుడు చేన్లో నేనొక్కణ్ణే ఉంటా, లేపేవాడు ఉండడు. అమ్మేవాడి ముందర బండి పడేసి లేపి చూపించమంటే ఊరుకోడు కదా. అందుకని ఒక పని చేస్తా. ఇంజిన్ ఆపేసి, బండి మీద కూర్చుని, కొంచెం ఎత్తుగా ఉన్న తావుకు వెనక్కు తోస్తా. కాళ్ళతో తోయలేకపోతే ఆ బండి నాది కాదు. ధర ఎంత తగ్గించినా నాది కాదు.

ఇక చూసే రోజు. పొద్దున్నే పోవాల. ముందు రోజు ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నా" అని చెప్పాల. పోయినాక మొదట ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నాడు. చల్లటి ఇంజిన్ నిజం చెప్తుంది, వేడి ఇంజిన్ అబద్ధాలు ఆడుతుంది అంటాడు మా మామ. నేను తీసుకుపోయేవి ఒక టార్చి, రెండు మూడు పానాలు, తెల్ల గుడ్డ, ఒక గోనెసంచి. సంచి దేనికంటే నేల మీద పరుచుకుని పడుకోడానికి.

పడుకుని ఇంజిన్ కింద రేకు చూడండి. దానికి గీతలు, సొట్టలు ఉంటే భయపడొద్దు, దాని పనే అది. అసలు గీతే లేకుండా తళతళలాడుతుంటే అనుమానపడాల, కొత్తది మార్చినారేమో. వీలైతే రేకు విప్పించండి. వెనకున్న ఇంజిన్ కేసుకు, ఆయిల్ తీసే నట్టు చుట్టూ టార్చి వేసి చూడండి. ఆ నట్టు మూలలు అరిగి గుండ్రంగా ఉంటే ఎవరో తప్పు పానాతో తిప్పినారు, మరలు పోయి ఉండొచ్చు. నూనె తడి మీద దుమ్ము పేరుకుని ఉంటే కారడం కొత్తగా మొదలైంది కాదు. కేసు మీద వేలితో రుద్దండి. మిగతా తావంతా గరుకుగా ఉండి ఒక్క చోట నున్నగా, రంగు వేరుగా ఉంటే నా మొదటి బండి కథే.

ఛాసిస్ గొట్టాలు కిందనుంచి వెనకదాకా చేత్తో తడుముతూ పోండి. వెల్డింగ్ దగ్గర సన్నటి గీత, తుప్పు గీత, కొత్త రంగు, ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆగండి. ముఖ్యంగా సీటు కింద వెనక భాగంలో చూడాల. లగేజీ క్యారియర్ బిగించి మోతాదుకు మించి మోసిన బండ్లకు పగుళ్ళు అక్కడే వస్తాయి. క్యాన్ మోసేవాణ్ణి కాబట్టి నాకీ సంగతి బాగా తెలుసు.

పళ్ళు చూడాల. ఎద్దుకు రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, ఆరు పళ్ళా అని చూసి వయసు చెప్తాం. బండికి వెనక స్ప్రాకెట్, అంటే చైను తిరిగే పళ్ళచక్రం, దాని పళ్ళు. కొత్త పన్ను రెండు వైపులా సమానంగా ఉంటుంది. అరిగిన పన్ను ఒక పక్కకు కొక్కెం లాగా వంగుతుంది. చైను స్ప్రాకెట్ వెనకభాగం మీద ఉన్న చోట వేళ్ళతో పట్టుకుని బయటికి లాగండి. చైనుకు, పన్నుకు మధ్య సగం పన్ను కనిపిస్తే సెట్ మొత్తం మార్చాల. మీటరు 12 వేలు చూపిస్తూ పళ్ళు ఇట్ల ఉంటే, మీటరు కన్నా పళ్ళనే నమ్మండి. ఫుట్‌రెస్ట్ రబ్బరు, గేరు లివరు కొన, హ్యాండిల్ గ్రిప్ కూడా వయసు దాచలేవు.

చక్రాలకు వద్దాం. పానాతో ఒక్కో స్పోకునూ తట్టండి. బిగుతుగా ఉన్నది టింగుమంటుంది, వదులైంది డొక్కుమంటుంది. ఒకటో రెండో అయితే బిగించుకోవచ్చు, వరుసగా నాలుగు డొక్కుమంటే రిమ్ మీద పెద్ద దెబ్బ పడింది. తోడు తెచ్చుకున్న మనిషితో బండిని సైడ్ స్టాండు మీదికి ఒరిగించి పట్టుకోమని చెప్పి, చక్రం తిప్పి రిమ్ ఊగుతుందా చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3219 అంటే 2019లో 32వ వారం తయారైంది. ఐదారేళ్ళు దాటిన టైరుకు గీతలు లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. బ్రేకు డిస్కు మీద కనీస మందం ఎంతుండాలో చెక్కి ఉంటుంది, అరిగి ఉంటే అంచును వేలితో తడిమినప్పుడు మెట్టు తగులుతుంది.

మెడ చూడాల. ముందు చక్రం గాల్లోకి లేపించి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో చిన్న గుంతలో పడినట్టు ఆగితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే మెడ బేరింగులు) పోయింది. ఫోర్కును కింద పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టకటకమన్నా అంతే. మార్చడం పెద్ద ఖర్చు కాదు, ధర తగ్గించడానికి పనికొస్తుంది. ఫోర్కు రాడ్లను తెల్లగుడ్డతో తుడిచి, ముందు బ్రేకు పట్టి పదిసార్లు గట్టిగా అదమండి. మళ్ళా తుడిస్తే నూనె గీత వస్తే సీలు పోయినట్టు. రాడ్డు మీద గోరు ఆగేంత గీత ఉంటే సీలు మార్చినా మళ్ళా కారుతుంది. తర్వాత బండికి ఎదురుగా పదడుగుల దూరం నిలబడి చూడండి. హ్యాండిల్ నేరుగా ఉండి చక్రం పక్కకు చూస్తుంటే బండి ఎప్పుడో గట్టిగా పడింది.

వెనక నిలబడి సీటు వెనకాల పట్టుకుని పైకి లేపండి. చక్రం లేచేలోపు రెండుమూడు మిల్లీమీటర్లు ఖాళీగా కదిలి టక్కుమంటే షాకబ్జర్ కింది లింకు బేరింగులు అరిగినాయి. వాగుల్లో దిగి, సర్వీసింగు చోట ప్రెషరు నీళ్ళతో కడిగి, మళ్ళా గ్రీజు పెట్టకపోతే ఇట్లనే అవుతాయి. నన్నడిగితే మట్టిలో తిరిగిన బండి కన్నా రోజూ ప్రెషరు నీళ్ళతో కడిగిన బండికే నేను ఎక్కువ భయపడతా.

ఊపిరి అన్నిటికన్నా ముఖ్యం. ఎయిర్ ఫిల్టర్ తీయించండి. మన ఎర్రదుమ్ము పిండి లాంటిది. ఫిల్టర్ బయట ఎర్రగా ఉంటే మామూలే. ఫిల్టర్ దాటి ఇంజిన్ వైపు గొట్టంలో తెల్లగుడ్డ పెట్టి తుడవండి. గుడ్డ ఎర్రబడితే ఆ దుమ్ము సిలిండర్‌లోకి పోయింది, పిస్టన్ రింగులు అరిగిపోయినట్టే లెక్క. ఇట్లాంటి బండిని నేను ధర అడగకుండా వదిలేసి వచ్చినా. ఆయిల్ మూత తీసి చూడండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు. మజ్జిగలాగా తెల్లగా ఉంటే నీళ్ళు పోయినాయి, ఎక్కడో వాగులో మునిగింది.

ఇప్పుడు స్టార్ట్ చేయండి. తాళం తిప్పగానే ఇంజిన్ దీపం, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది) దీపం వెలగాల. ఇంజిన్ దీపం స్టార్ట్ అయినాక, ఏబీఎస్ దీపం బండి కొంచెం కదిలినాక ఆరిపోవాల. వెలిగి ఆరకపోవడం ఒక తప్పు. అసలు వెలగకపోవడం ఇంకా పెద్ద తప్పు, ఎవరో దాన్ని మూసేసినారు. సైలెన్సర్ దగ్గర నీలిపొగ వస్తే నూనె కాలుతోంది. చలికాలం పొద్దున మొదట వచ్చే తెల్ల ఆవిరికి బెదరొద్దు. ఇంజిన్ పైభాగంలో కాసేపు చిటపటమని ఆగిపోతే సరే. వేడెక్కినా గలగలమంటే ఇంజిన్ లోపలి క్యామ్ చైను సంగతి అడగాల.

ట్రయల్‌కు తారు ఒక్కటే చాలదు. నేను చెరువుకట్ట మీదికి తీసుకుపోతా. రెండో గేరులో నిలబడి మెల్లగా గుంతల మీద పోతే మోకాళ్ళకు, చేతులకు బండి అన్నీ చెప్తుంది. వెనక్కు వచ్చేటప్పుడు హైవే మీద 80లో పోయి, యాక్సిలరేటర్ వదిలి మళ్ళా పట్టుకోండి. ఇంజిన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయినాయి. డిపాజిట్టుగా మీ ఫోనో, సొంత బండి తాళమో ఇచ్చి పోండి, లైసెన్సు మాత్రం మీ జేబులోనే ఉండాల.

కాగితాల దగ్గర మనకొక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. బళ్ళారి 100 కిలోమీటర్లు, బెంగళూరు 200 పైన. ఆడ బండ్లు ఎక్కువ, ధరలు తక్కువ. కానీ కేఏ నంబరు బండికి ఆ ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాల. మన రాష్ట్రంలో బండి వయసును బట్టి మళ్ళా లైఫ్ ట్యాక్స్ కట్టాల, కొత్త నంబరు తీసుకోవాల. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఉంచుకోకూడదని చట్టం. ఈ ఖర్చంతా కలుపుకుంటే, చౌక అనుకున్న బండి చాలాసార్లు మన అనంతపురం ఏపీ 02 బండి ధరకే వచ్చి కూర్చుంటుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి, నంబరు చూసి ఏ ఊరిదో చెప్పే రోజులు పోయినాయి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనర్ పేరు (పూర్తిగా కనిపించకపోవచ్చు), ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అని చూడండి, చలాన్లు కూడా వెతకండి. ఫైనాన్స్ తీరిందని నోటిమాట చెప్తే ఒప్పుకోవద్దు. ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రావాల. ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30 మీద ఓనర్ మీ ముందరే సంతకం పెట్టాల. ఆర్‌సీలో పేరున్న మనిషి, అమ్మే మనిషి ఒకరు కాకపోతే "మా బావమరిది పేరు మీద ఉంది" అంటాడు. ఆ బావమరిదిని పిలిపించండి. మెడ దగ్గర ఛాసిస్ నంబరు, ఇంజిన్ మీది నంబరు ఆర్‌సీతో ఒక్కో అంకె సరిచూడండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్తగా కొన్న బండ్లకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటుంది. అంటే 2019 బండ్లవన్నీ ఎప్పుడో అయిపోయినాయి, కొత్తది కట్టినారా లేదా అడగండి.

బేరం సంగతి. నాది 2019 ఇంజెక్షన్ బండి. 90 వేలు చెప్పినాడు. నేను గోనెసంచి దులుపుకుని లేచి, చైన్ సెట్, రెండు టైర్లు, కోన్‌సెట్, ముందు బ్రేకు ప్యాడ్లు అని కాగితం మీద రాసి, మామకు ఫోన్ చేసి స్పీకర్‌లో ధరలు అడిగినా. అమ్మే పిల్లోడు వింటున్నాడు. 74 వేలకు తెగింది. బండి బాగాలేదని తిట్టి ధర తగ్గించడం నాకు చేతకాదు, కాగితం చూపిస్తే ఎవరూ కోపం చేసుకోరు.

ఇంటికి తెచ్చిన వారంలో ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ ఆయిల్ మార్చేసినా, వెనక లింకు విప్పించి గ్రీజు పెట్టించినా. 21 అంగుళాల ట్యూబు ఒకటి ఎప్పుడూ బండిలో ఉంటుంది. ఊరి పంక్చర్ అంగట్లో ఆ సైజు దొరకదు. వెనక ట్యూబు పోయినా అత్యవసరానికి అదే వెనక టైరులో మడిచి పెట్టి ఊరు చేరొచ్చు. ఆఖరున కమ్మరి దగ్గరికి పోయి, క్యాన్ కూర్చోడానికి పాత లారీ ట్యూబు ముక్కలు వేసిన ఇనుప చట్రం చేయించి క్యారియర్‌కు బిగించినా. దానికి 600 అయింది. క్యాన్ అంగుళం కూడా కదలకుండా కూడేరు, ఉరవకొండ తిరిగి వస్తోంది.